తిరగేసి చూడాల్సిన కోటు: మూడు పాత వర్క్ జాకెట్ల సమీక్ష

దుకాణంలో జాకెట్ చేతికి రాగానే కాళ్లు అద్దం వైపు నడుస్తాయి. వర్క్ జాకెట్ విషయంలో అద్దం వంతు తర్వాత. ముందు దాన్ని లోపలివైపు తిరగేయండి. చంక దగ్గర కుట్టు ఎలా ముగిసిందో, జేబు మూలలకి ఏం కట్టుదిట్టం చేశారో, గుండీ వెనక బట్ట ఎన్ని పొరలుందో చూడండి. పదేళ్లు నడిచే కోటా, రెండో చలికాలానికే మోచేతుల దగ్గర సాగి మూలన పడే కోటా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

రైల్వే కార్మికులు, మెకానిక్‌లు, వడ్రంగులు, పశువుల కాపరులు వేసుకున్న ఈ కోట్లు ఇవాళ ఆఫీసులో చొక్కా మీదా, సాయంత్రం టీషర్టు మీదా కనిపిస్తున్నాయి. పాతకాలపు మోజు అని కొట్టిపారేసేవాళ్లున్నారు. మోజే అయితే ఎప్పుడో దిగిపోయేది. అసలు సంగతి కుట్టుపనిలో ఉంది. బ్లేజర్‌కి భుజంలో ప్యాడ్, ఎద భాగంలో గట్టి పొర, లోపలంతా అస్తరు. వాటితో దానికి నిలువు వస్తుంది గానీ వాషింగ్ మెషీన్‌లో వేయలేం, మడిచి సంచిలో కుక్కలేం. వర్క్ జాకెట్‌ది చొక్కా కుట్టే పద్ధతి, కోటు బట్ట. ప్యాడ్ లేదు, జిగురు పొర లేదు, చాలావాటిలో అస్తరూ లేదు. ఉతకొచ్చు, నలిగినా పరవాలేదు, పైగా నలిగితేనే బావుంటుంది. చొక్కా ఒక్కటే చాలనిచోట, బ్లేజర్ ఎక్కువైపోయేచోట దీనికి మించింది మగవాళ్ల బట్టల్లో ఇప్పటికీ రాలేదు.

ఇక్కడ మూడు రకాలు తీసుకుంటున్నాం: ఫ్రెంచి నీలి కోటు, డక్ అనే దట్టమైన కాన్వాస్‌తో కుట్టే అమెరికా చోర్ కోటు (అంటే రోజువారీ పనుల కోటు), నడుము దగ్గర ఆగిపోయే డెనిమ్ జాకెట్. మూడింటిలోనూ ఏ భాగమూ అలంకారానికి పెట్టింది కాదు. ఇప్పటి నకళ్లు చెడేది కూడా సరిగ్గా అక్కడే: ఆకారం ఉంచుకుని, కారణాన్ని వదిలేసిన చోట.

ముందు బట్ట

బట్ట మందాన్ని చదరపు గజానికి ఇన్ని ఔన్సులని చెబుతారు. ఒక ఔన్సు అంటే చదరపు మీటరుకి సుమారు 34 గ్రాములు. మామూలు చొక్కా గుడ్డ 4, 5 ఔన్సులుంటుంది. 8 ఔన్సుల లోపు బట్టతో కుట్టింది పేరుకే జాకెట్, నిజానికి మందపు చొక్కా. 9 నుంచి 11 దాకా ఏడాదిలో ఎక్కువ నెలలు పనికొస్తుంది. 12 ఔన్సులు, అంటే 400 గ్రాముల పైమాట, గాలిని బాగా ఆపుతుంది, కానీ మొదటి నెల అట్టలా నిలబడుతుంది. 14 దాటితే చేయి వంచడానికే బలం కావాలి. అలాంటిది సరదాపడి కొనేవాళ్లు ఎక్కువ, వేసుకునేవాళ్లు తక్కువ.

డక్ కాన్వాస్‌కి ఇంకో పాత లెక్క ఉంది, అందులో చాలామంది బోల్తా పడతారు. అక్కడ నంబర్ పెరిగేకొద్దీ బట్ట పల్చబడుతుంది. 36 అంగుళాల పొడవు, 22 అంగుళాల వెడల్పున్న ముక్క బరువును ఔన్సుల్లో తూచి, దాన్ని 19లోంచి తీసేస్తే వచ్చేదే నంబర్. అంటే 10 నంబర్ డక్‌లో ఆ ముక్క బరువు 9 ఔన్సులు. చదరపు గజం లెక్కకి మారిస్తే అది 14.7 ఔన్సులు. లేబుల్ మీద 10 అని ఉంటే అది ఔన్సులా, నంబరా అని అడగండి. రెండింటికీ మధ్య దాదాపు సగం బట్ట తేడా ఉంది.

నేత కూడా చూడాలి. డక్ సాదా నేత, పడుగు పోగు ఒకటి పైకి, ఒకటి కిందికి, చాలా దట్టంగా. రాపిడికి అది రాయి. కానీ మేకుకి తగిలి ఒక్క గాటు పడిందా, పోగులు ఒకచోటికి జరిగి గుంపుకట్టే వీలు లేదు కాబట్టి ఒక్కొక్కటిగా తెగి, చీలిక గీత గీసినట్టు సాగుతుంది. డెనిమ్, డ్రిల్ లాంటి ఏటవాలు నేతల్లో పోగులకి కదిలే వీలుంది. నాలుగు పోగులు కలిసి బలాన్ని పంచుకుంటాయి కాబట్టి అదే నూలుతో నేసినా చిరగడం కష్టం. డక్ కోట్లకి మూడేసి వరసల కుట్లు, మోచేతుల దగ్గరా జేబుల దగ్గరా రెండో పొరా ఎందుకు వచ్చాయంటే ఇందుకే. రెండో పొర తీసేసి, పల్చని సాదా కాన్వాస్‌తో కుట్టి 'వర్క్‌వేర్' అని చీటీ తగిలించిన జాకెట్ అసలు సంగతే మరిచిపోయినట్టు.

లేబుల్‌లో ఇంకో మాట వెతకండి: ఎలాస్టేన్. 2 శాతం ఉంటే చాలు, వేసుకున్న రోజు సుఖంగా ఉంటుంది. కానీ ఉతుకుల్లో, డ్రయర్ వేడిలో ఆ సాగే పోగు ముందుగా చచ్చిపోతుంది, నూలు మాత్రం బతికే ఉంటుంది. అప్పుడు మోచేతుల దగ్గర సంచులు వేలాడతాయి, ఇస్త్రీకి లొంగవు. కోత సరిగ్గా ఉన్న జాకెట్‌కి సాగుడు పోగుతో పనిలేదు.

ఫ్రెంచి నీలి కోటు

ఫ్రాన్స్‌లో దీన్ని బ్లూ ద త్రవాయ్ అంటారు, పని నీలం అని. 19వ శతాబ్దం చివర్లో ఫ్యాక్టరీ పనివాళ్ల ఒంటిమీదికొచ్చింది. ఆకారం చెప్పాలంటే నాలుగు ముక్కల్లో అయిపోతుంది: చిన్న మెడ కాలర్, ముందు నాలుగైదు గుండీలు, బయట మూడు అతుకు జేబులు (ఎడమ ఎద మీద ఒకటి, కింద రెండు), లోపల ఇంకొకటి. నడుము దగ్గర నొక్కు లేదు, వెనక చీలిక లేదు. వెట్రా 1927 నుంచి, ల మాన్ సాన్ మిషెల్ 1913 నుంచి ఉన్న పేర్లు. న్యూయార్క్ టైమ్స్‌కి వీధి ఫ్యాషన్ ఫొటోలు తీసిన బిల్ కన్నింగ్‌హామ్ 2016లో చనిపోయేదాకా సైకిల్ మీద ఈ నీలి కోటుతోనే తిరిగాడు. ఊరందరి ముస్తాబునీ కెమెరాకి పట్టించే మనిషి తన ఒంటికి ఎంచుకున్నది పారిశుద్ధ్య కార్మికుల నుంచి మెకానిక్‌ల దాకా వేసుకునే కోటు. దీనికి అంతకు మించిన ప్రకటన ఎవరూ రాయలేదు.

రెండు బట్టల్లో దొరుకుతుంది. డ్రిల్ ఏటవాలు నేత, తేలిక, త్వరగా ఆరుతుంది, ఎండ కాసే రోజుల్లోనూ వేసుకోవచ్చు. మోల్‌స్కిన్ పేరు చూసి తోలు అనుకోవద్దు, అది పూర్తిగా నూలే. పేక పోగుల్ని చాలా దట్టంగా, పైకి తేలేలా నేసి, ఒక ముఖాన్ని నునుపుగా సవరిస్తారు. చేత్తో రాస్తే పీచ్ పండు తోలులా ఉంటుంది. మందానికి మించి గాలిని ఆపుతుంది. మడతల దగ్గర రంగు దిగి, లేతనీలం చారలు వస్తాయి. చాలామంది దీన్ని కొనేది ఆ చారల కోసమే.

మోల్‌స్కిన్‌కి ఒక బలహీనత ఉంది, అమ్మేవాళ్లు చెప్పరు. పైకి తేలిన పోగులు నునుపుగా ఉండటంతో కుట్టు దగ్గర జారతాయి. వీపు మీద కాని, చంక వెనక కాని కుట్టుని రెండు బొటనవేళ్లతో పట్టి అడ్డంగా లాగండి. కుట్టు రంధ్రాల పక్కన సన్నని నిచ్చెనలా ఖాళీ తెరుచుకుంటే ఆ జాకెట్‌ని అక్కడే వదిలేయండి. దారం తెగకుండానే బట్ట కుట్టులోంచి జారిపోతుంది, ఏ దర్జీ చేతిలోనూ అది బాగుపడదు. రెండు అంచుల్నీ ఒకదానిలో ఒకటి మడిచి, పైన రెండు వరసలు వేసిన మడత కుట్టు ఉంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. లోపల ఓవర్‌లాక్ చేసి, అంటే అంచుని దారంతో చుట్టేసి వదిలేసిన ఒంటి కుట్టు ఉంటే మోల్‌స్కిన్ తీసుకోవద్దు, డ్రిల్ తీసుకోండి.

జేబులే ఈ కోటుకి ప్రాణం. కింది జేబు 7 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల లోతు దగ్గర్లో ఉంటే చేయి మణికట్టు దాకా సుఖంగా పోతుంది. మూలల్లో అడ్డంగా దట్టమైన బిగింపు కుట్టు, లేదంటే చిన్న త్రిభుజం కుట్టు ఉండాలి. తాళాలు, ఫోను రెండూ ఒకే కింది జేబులో వేసి అద్దంలో చూడండి. ముందు పట్టీ ఆ వైపుకి లాగేసుకుని గుండీల వరస వంకరపోతే బట్ట చాలనంత పల్చన, లేదా జేబు ముందుపట్టీకి మరీ దగ్గర. కొన్ని కొత్త నమూనాల్లో జేబు పైనుంచి కనిపిస్తుంది, లోపల సగం దాకా కుట్టేసి ఉంటుంది, 'గీత చెడకుండా' అట. జేబులో చేయి పెట్టుకోలేని పనికోటుకి ఏం పేరు పెట్టాలో మాకు తోచలేదు.

కాలర్‌ని వేళ్ల మధ్య నలపండి. లోపల జిగురుతో అతికించిన పొర ఉంటే కాగితం చప్పుడు వస్తుంది, ఉతుకుల తర్వాత ఆ జిగురు అక్కడక్కడా వదిలి కాలర్ మీద బుడగలు తేలతాయి. అసలు పద్ధతిలో అదే బట్ట రెండు పొరలు కలిపి వరసలుగా కుట్టేస్తారు. మొదట్లో కొంచెం మొండిగా ఉన్నా కాలంతో మెత్తబడుతుంది.

ఈ కోటు మీద మా ఫిర్యాదు ఒకటే. చేతుల చివర పట్టీ లేకుండా సాదాగా మడిచి కుడతారు కాబట్టి, గాలి నేరుగా చంక దాకా పోతుంది. బాగా చలిగా ఉన్నచోట లోపల ఉన్ని స్వెటర్ తప్పదు. అయితే అదే సాదా మడత వల్ల చేయి పొడవు తగ్గించడం ఏ దర్జీకైనా చిటికెలో పని.

డక్ చోర్ కోటు

అమెరికాలో ఈ కథ రైలు పట్టాల పక్కన మొదలైంది. హామిల్టన్ కార్‌హార్ట్ 1889లో డెట్రాయిట్‌లో రైల్వే కార్మికుల కోసం ఓవరాల్స్ కుట్టడంతో మొదలెట్టాడు. తర్వాత వచ్చిన గోధుమరంగు డక్ కోటు ఇవాళ ప్రపంచంలో ఎవరు గీసినా అలాగే గీస్తారు: నాలుగు పెద్ద జేబులు, కార్డురాయ్ (నూగు గీతలున్న నూలుబట్ట) కాలర్, తొడల దాకా పొడవు, లోపల చారల దుప్పటి అస్తరు. నడుము దగ్గర ఆగిపోయి జిప్‌తో మూసుకునే పొట్టి రకం, డెట్రాయిట్ జాకెట్, 1954లో వచ్చింది. డక్ అనే మాటకి బాతుతో సంబంధం లేదు, గుడ్డ అనే అర్థమున్న డచ్చి మాట డూక్ నుంచి వచ్చింది.

కాలర్‌కి కార్డురాయ్ ఎందుకంటే డక్ మెడని గీరుతుంది. మెడ వెనక చెమట, నూనె పట్టి ముందు అరిగేదీ కాలరే. వేరే బట్ట కాబట్టి దాన్నొక్కదాన్నే విప్పి కొత్తది వేయించుకోవచ్చు. ఎంత ముందుచూపో! కార్డురాయ్ గీతలు మరీ సన్నగా ఉంటే నూగు త్వరగా రాలి బోడిపడుతుంది. కొంచెం వెడల్పు గీతలది చూసుకోండి.

మూడు వరసల కుట్టు ఈ కోటుకి ముఖ్య గుర్తు. పైన చూస్తే మూడూ మామూలు కుట్లే, లోపల తిరగేస్తే గొలుసులు కనిపిస్తాయి. గొలుసు కుట్టు కొంచెం సాగుతుంది కాబట్టి బలంగా చేయి చాచినా పుటుక్కున తెగదు. దాని చిక్కు వేరే. చివరి ముడి వదిలితే, లేదా మధ్యలో ఒక్క కన్ను తెగితే, దారం కొస పట్టుకుని ఒక దిక్కున లాగితే చాలు, వరస మొత్తం సర్రున ఊడి వచ్చేస్తుంది. వేలాడే దారం కనిపిస్తే అలవాటుగా లాగేస్తాం. ఇక్కడ అది చేయకండి. కొసని సూదిలోకి ఎక్కించి లోపలివైపుకి తీసి, చివరి కన్నులోంచి దూర్చి ముడేయండి. మూడు వరసల్లో ఒకటి పోయినా మిగతా రెండూ పట్టి ఉంచుతాయి గనక కంగారు లేదు, తీరిగ్గా మిషన్ మీద మామూలు కుట్టు వేయించుకోవచ్చు.

అస్తరు దగ్గర జాగ్రత్త. పైబట్ట నూలు, లోపల ఉన్ని కలిసిన దుప్పటి అయితే రెండూ ఒకేలా కుదించుకోవు. వేడినీళ్లలో వేస్తే దుప్పటి బిగుసుకుని, పైన డక్ మీద అలలు తేలతాయి, చేతులు లోపలికి ముడుచుకుపోయినట్టవుతాయి. అక్రిలిక్, పాలిస్టర్ దుప్పట్లకి ఈ బాధ తక్కువ, కానీ చొక్కా చేతుల్ని పట్టుకుని పైకి లాగేస్తాయి. అందుకే మంచి కోట్లలో దుప్పటి ఒంటికే పరిమితం, చేతుల్లోపల జారే క్విల్టు అస్తరు ఉంటుంది. దుకాణంలో నిండు చేతుల చొక్కాతోనే వేసి చూడండి. చేయి దూర్చగానే చొక్కా చెయ్యి మోచేతి దాకా ఎగబాకితే రోజూ అదే తంతు.

ఇది వానకోటు కాదని కూడా చెప్పాలి. నూలు నీళ్లు తాగుతుంది. పొడిగా ఉన్నప్పుడే కిలో దాటే కోటు తడిస్తే భుజాలు పీకేస్తుంది, ఆరడానికి రోజున్నర పట్టినా ఆశ్చర్యం లేదు. మైనం పట్టించిన నూలు కోట్లు వేరే జాతి. వాటిని మెషీన్‌లో వేస్తే మైనమంతా పోతుంది, తడిగుడ్డతో తుడవడమే.

చొక్కా, టై మీద ఫ్రెంచి కోటు ఒప్పినట్టు ఇది ఒప్పదు. జీన్స్, మందపాటి ప్యాంటు, బూట్లతో దీనికి జత. ముదురు నీలం జీన్స్ మీద గోధుమరంగు డక్ కుదిరినంత సులువుగా ఇంకో జోడీ కుదరదు, అందుకే అది అందరి ఒంటిమీదా కనిపించి కొంచెం విసుగు కూడా పుట్టిస్తోంది. నలుపు డక్ కొనేముందు ఆలోచించండి. కుట్ల అంచులు, జేబుల నోళ్లు బూడిదరంగులోకి దిగుతాయి. గోధుమరంగులో ఆ అరుగుదల అందంగా కనిపిస్తుంది, నలుపులో మాత్రం ఉతికి ఉతికి పాడైనట్టుంటుంది.

డెనిమ్ జాకెట్, కొంచెం తక్కువ మాటల్లో

దీని గురించి అందరికీ తెలుసు కాబట్టి తేడాల మీదే మాట్లాడుకుందాం. లీవైస్ జాకెట్లని సేకరించేవాళ్లు మూడు టైపులుగా విడగొట్టారు. టైప్ వన్‌లో ఎద మీద ఒకే జేబు, వెనక నడుము బిగించే బకిల్. 1953లో వచ్చిన టైప్ టూలో రెండు జేబులు, బకిల్ పోయి పక్కలకి గుండీ పట్టీలు. ఈ రెండింటికీ గుండీల పట్టీకి అటూ ఇటూ నిలువు మడతలుంటాయి. 1960ల మొదట్లో వచ్చిన టైప్ త్రీలో మడతలు పోయాయి, జేబులు పైకెళ్లాయి, జేబుల కిందినుంచి నడుము దాకా వి ఆకారంలో రెండు కుట్లు దిగాయి. ఇవాళ డెనిమ్ జాకెట్ అనగానే కళ్లముందుకొచ్చేది ఇదే. పక్క జేబులు మాత్రం 1980లలో చేరాయి.

భుజాలు వెడల్పుగా, నడుము సన్నగా ఉన్నవాళ్లకి టైప్ త్రీ పుట్టింది వాళ్ల కోసమే అనిపిస్తుంది. పొట్ట ఉన్నవాళ్లని ఆ వి కుట్లు పట్టిస్తాయి, చూపంతా అక్కడికే పోతుంది. వాళ్లకి టైప్ టూ నకలు బాగుంటుంది. మడతలు, డబ్బాలాంటి కోత రెండూ దయగలవి. పొట్టి కోటు కాబట్టి ప్యాంటు నడుము ఎత్తుగా ఉండాలి, లేకపోతే చొక్కా అంచు కింద వేలాడి, తమ్ముడి జాకెట్ అన్న వేసుకున్నట్టుంటుంది.

కుదించుకోవడం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. శాన్‌ఫర్డ్ క్లూయెట్ 1930లో పేటెంట్ తీసుకున్న పద్ధతిలో బట్టని ముందే బిగింపజేస్తారు. అలా చేసింది ఉతికాక 1 నుంచి 3 శాతం లోపే తగ్గుతుంది. చేయని డెనిమ్ 7 నుంచి 10 శాతం బిగుసుకుంటుంది. 26 అంగుళాల చేయి మీద 10 శాతమంటే రెండున్నర అంగుళాలు, అంటే చేయి మణికట్టు వదిలి పైకెక్కి కూర్చుంటుంది. అలాంటిది కొంటే గుండీలు పెట్టి, తిరగేసి, 40 డిగ్రీల నీళ్లలో గంట నానబెట్టండి. మగ్గం నుంచి వచ్చిన గంజి వదిలి నీళ్లు జిగటగా మారతాయి. పిండకుండా నీడలో ఆరేసి, అదే పని ఇంకోసారి చేయండి. ఆ తర్వాతే కొలత చూసుకుని దర్జీ దగ్గరికెళ్లండి. ముందే చేయి పొడవు కోయించేస్తే మళ్లీ తెచ్చుకోలేరు. పైగా ఇక్కడ చేతికి కఫ్, చీలిక ఉంటాయి. పొడవు తగ్గించాలంటే కఫ్ విప్పి, చీలిక మళ్లీ కట్టాలి, ఫ్రెంచి కోటులా చిటికెలో అయ్యేది కాదు.

నీలిమందు పోగు లోపలిదాకా ఇంకదు, పైనే ఉంగరంలా నిలుస్తుంది, లోపల తెలుపు మిగిలిపోతుంది. అరిగేకొద్దీ ఆ తెలుపు బయటపడటమే డెనిమ్ అందం. ఆ అరుగుదలని ఫ్యాక్టరీలోనే చేసి అమ్మడం మాత్రం అనవసరం, మూడేళ్ల బట్ట ఆయుష్షుని మీ డబ్బుతో మీకే తగ్గించి ఇస్తున్నట్టు. ఇసుకని గాలితో కొట్టి వెలిసేలా చేసే పద్ధతి వల్ల కార్మికుల ఊపిరితిత్తులు సిలికోసిస్‌తో పాడై, టర్కీ 2009లో ఆ పనిని నిషేధించింది. ముడి డెనిమ్ కొని, మీ మోచేతులతోనే వెలవెలబోనివ్వండి.

ఎర్రదారం అంచున్న సెల్వెడ్జ్ బట్ట గురించి చాలా హడావుడి నడుస్తుంటుంది. పాత షటిల్ మగ్గాల మీద 28, 30 అంగుళాల పన్నాతో నేసినప్పుడు వచ్చే గట్టి అంచది. అమెరికాలో దానికి పేరుపడ్డ గ్రీన్స్‌బరో వైట్ ఓక్ మిల్లు 2017 చివర్లో మూతపడింది. బట్ట బావుండొచ్చు, కానీ ఆ అంచు వల్ల జాకెట్‌కి అదనపు బలమేమీ రాదు. ప్యాంటు మడిచినప్పుడు కనిపించినట్టు జాకెట్‌లో కనిపించదు కూడా.

ఒంటికి సరిపోయిందా

ఎద కొలతలో మోసపోతారు. జాకెట్‌ని బల్ల మీద పరిచి, గుండీలు పెట్టి, చంక నుంచి చంకకి కొలవండి. దాన్ని రెండింతలు చేస్తే వచ్చేది మీ ఎద చుట్టుకొలత కంటే 4 నుంచి 6 అంగుళాలు ఎక్కువుండాలి. ఎద 40 అయితే పరిచిన కొలత 22 నుంచి 23. లోపల మందపు స్వెటర్ వేస్తారంటే 23 వైపు వెళ్లండి. భుజం కుట్టు ఎముక దాటి అర అంగుళం జారినా ఫరవాలేదు, అంగుళంన్నర జారితే అది అరువుకోటు.

గుండీలన్నీ పెట్టి, సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు ముందుకి చాచండి. వీపు బిగుసుకుంటే ఆ సైజు కాదు. చేతులు నిటారుగా పైకెత్తండి. కింది అంచు రెండు అంగుళాలకి మించి లేస్తే చంక మరీ కిందికి తవ్వారని అర్థం. చంక లూజుగా ఉంటే సుఖమనుకుంటాం, నిజానికి తలకిందులు: చంక దగ్గరగా ఉంటేనే చేయెత్తినప్పుడు కోటు లేవదు.

చేతులు దించి నిల్చున్నప్పుడు చంక ముందు రెండు మూడు ముడతలు వాలుగా పడతాయి. బ్లేజర్‌లో అయితే వెనక్కి ఇచ్చేయాల్సిన లోపం. ఇక్కడ కాదు. పనివాడి చేయి ఎక్కువసేపు ముందుకీ పైకీ ఉంటుంది కాబట్టి చేతి పైభాగాన్ని చొక్కాకిలా చదునుగా కోస్తారు. చేయి దించితే మిగిలిన బట్ట ముడతగా మారుతుంది. ఆ ముడత పోవాలని చేతిని సూటు కోటులా ఎత్తుగా కోసిన కొత్త నమూనాలున్నాయి. అద్దంలో శుభ్రంగా ఉంటాయి, పైఅరలోంచి డబ్బా తీయబోతే చంక దగ్గర కుట్టు పిగులుతుంది.

ఉతుకు, మరమ్మతు

నీలం రంగు మొదటి మూడు నాలుగు ఉతుకుల్లో దిగుతుంది. తడిపిన తెల్ల నూలుగుడ్డతో లోపలి అంచుని పదిసార్లు రుద్దండి. గుడ్డకి నీలం పట్టిందంటే లేతరంగు సోఫా మీద, తోలు సంచి మీద కూడా పడుతుంది. విడిగా, తిరగేసి, 30 డిగ్రీల నీళ్లలో, గుండీలన్నీ పెట్టి ఉతకండి. గుండీలు తెరిచి వేస్తే లోహపు గుండీ అంచులు బట్టని కొరుకుతాయి, జిప్ పళ్లు జేబు నోటిని అరగదీస్తాయి. బ్లీచింగ్ వద్దు. డ్రయర్‌లో వేసేబదులు మందపాటి హ్యాంగర్‌కి వేసి నీడలో ఆరేయండి.

ముందు అరిగేది చేతి అంచు. అక్కడ తెల్లపోగులు లేవగానే అదే రంగు నూలు పట్టీని లోపలికి, బయటికి మడిచి అంచుచుట్టూ కుట్టించేస్తే ఇంకో నాలుగేళ్లు నడుస్తుంది. పోగులు తెగి చిల్లు పడేదాకా ఆగితే అరంగుళం కోయాల్సివస్తుంది. మోచేతికి మాసిక లోపలివైపు వేసి, పైనుంచి దగ్గరదగ్గరగా పరుగు కుట్టు వేయించండి. జపాన్‌లో సాషికో అని పేరున్న పని ఇదే. మాసిక గుడ్డ కోటు గుడ్డ కంటే కొంచెం పల్చగా ఉండాలి. మందంగా ఉంటే అతుకు అంచు దగ్గర కొత్త చిరుగు మొదలవుతుంది.

దారం సంగతి దర్జీకి చెప్పి మరీ చేయించండి. పూర్తి నూలు దారం పాతకాలపు నమూనాకి అందంగా ఉంటుంది, కానీ బట్ట కంటే ముందే చీకిపోతుంది. మధ్యలో పాలిస్టర్, పైన నూలు చుట్టిన దారం దొరుకుతుంది, మరమ్మతుకి అదే వాడాలి. కొట్టి బిగించే లోహపు గుండీ ఊడిపడితే వెనక బట్ట చూడండి. ఒకే పొర ఉన్నచోట కొట్టడంవల్లే ఊడింది. లోపల చిన్న గుడ్డముక్క ఆసరా పెట్టి, రెండు మూడు పొరలు చేశాకే కొత్తది కొట్టించాలి. లేకపోతే మళ్లీ ఊడుతుంది, ఈసారి చిల్లు కూడా పెద్దదవుతుంది.

ఏది తీసుకోవాలి

మొదటిసారి, ఒక్కటే కొనేవాళ్లకి ఫ్రెంచి కోటు, డ్రిల్‌లో, నీలం. ఆఫీసుకీ, ప్రయాణానికీ, చొక్కాకీ, టీషర్టుకీ అన్నిటికీ ఒదిగేది అదే, మరమ్మతులూ అందులోనే తేలిక. బూడిదరంగు ప్యాంటుతో వేయండి, నీలం జీన్స్‌తో వేసేటప్పుడు రెండింటి నీలాలూ బాగా వేరుగా ఉండేలా చూసుకోండి. నిజంగా చలి ఉన్నచోట, బరువు పట్టించుకోనివాళ్లకి డక్. డెనిమ్ మూడో స్థానం. చెడ్డదని కాదు, పొడవు దగ్గర, కుదించుకోవడం దగ్గర పొరపాటుకి చోటు ఎక్కువ.

వాడింది కొనదలిస్తే ఇంకా మంచిది, మొదటి నెల అట్టతనం వేరొకరు భరించేశారు. అయితే సైజు అంకె నమ్మొద్దు, పరిచిన కొలతే అడగండి. ఫ్రెంచి పాత కోట్లలో చేతులు పొట్టిగా ఉండటం మామూలే. మూలన చెమ్మలో ఏళ్లు పడున్న నూలు పైకి బావున్నా లోపల చీకిపోయి ఉంటుంది. అడుగు మడతని రెండు చేతులతో పట్టి మెల్లగా, పక్కలకి లాగండి. కాగితం చిరిగే చప్పుడు వస్తే తిరిగి హ్యాంగర్‌కి తగిలించేయండి.